ముగ్గు వెనక పేజీ

డిసెంబరు చివరికొచ్చేసరికి మా ఇంట్లో రెండు పనులు మిగులుతాయి. ఒకటి, పండుమిరప పచ్చడికి జాడీలు కడిగి డాబా మీద ఎండబెట్టుకోవడం. రెండోది, ఆ ఏడు చదివిన కథలూ నవలల లెక్క చూసుకోవడం. పాల లెక్క రాసే డైరీలోనే వెనక నుంచి పేర్లు రాసుకుంటూ వస్తాను. ముందు నుంచి పాలు, వెనక నుంచి పుస్తకాలు. అక్టోబరులో ఎక్కడో రెండూ ఎదురుపడతాయి. 2025 డైరీలో 34 పేర్లు తేలాయి. వాటిలో పదకొండింటి పక్కన సున్నా చుట్టి ఉంది. సగంలో వదిలేశానని గుర్తు. నవలలు రాసుకునే మనిషి ఇన్ని సున్నాలు చుట్టడం మర్యాద కాదు. నా పుస్తకాల పక్కన ఎవరెవరు ఎన్ని చుట్టారో నాకేం తెలుసు.

మొన్న విజయవాడ నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, జనవరిలో పుస్తకాల పండక్కి వెళ్తాను కదా, ఈ ఏడు నీకు బాగా నచ్చినవి ఓ ఐదు చెప్పు, రాసుకుంటా" అంది. ఐదు పేర్లే కదా అని మొదలుపెట్టాను. గంటంబావు గడిచాక "ఛార్జింగ్ అయిపోతోంది పెద్దమ్మా" అంది. అప్పటికి నేనింకా రెండో పుస్తకంలోనే ఉన్నాను. మిగతావి కూడా చదువుకుంటుందని ఇక్కడ రాస్తున్నాను.

అయితే పేర్లకి ముందు 1974 సంక్రాంతి సంగతి ఒకటి చెప్పాలి. లేకపోతే నాకు ఏ పుస్తకం ఎందుకు నచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

అప్పుడు మేం గుంటూరు బ్రాడీపేటలో ఉండేవాళ్లం. నాలుగో లైను, పధ్నాలుగో అడ్డరోడ్డు. 4/14 అంటే చాలు, రిక్షా అతను ఇంకో మాట అడిగేవాడు కాదు. నాకు పదమూడేళ్లు. మా అమ్మ వారపత్రిక కొనేది. కొనేది అంటే, నాలుగిళ్లు కలిసి కొనేవి. మా ఇంటికొచ్చిన పత్రిక రెండ్రోజులకి మేడమీద అద్దెకున్న టీచరుగారికి, అక్కణ్ణించి ఎదురింటి పిన్నిగారికి, అక్కణ్ణించి మూల ఇంటి బామ్మగారికి వెళ్లి, మూలలు మడతలుపడి, ఒకచోట పోపు మరక, ఒకచోట పసుపు వేలిముద్రతో మళ్లీ మా ఇంటికి చేరేది. అప్పుడు అమ్మ చాకు మొనతో పిన్నులు ఊడదీసి, సీరియల్ కాగితాలు మాత్రం తీసి ట్రంకుపెట్టెలో దాచేది. నవల పూర్తయ్యాక బైండింగు. మైదాపిండి ఉడకేసి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, దబ్బనంతో పురికొస దూర్చి కుట్టేది. అట్టకి పాత క్యాలెండరు. వీపుకి నా చిరిగిపోయిన పరికిణీ ముక్క. అలాంటివి మా ఇంట్లో నలభై దాకా ఉండేవి. ఒక్కదానికీ ముఖచిత్రం లేదు. కొన్నిటికి పేరూ లేదు, మొదటి వారం కాగితం పై సగం ఎవరి చేతిలోనో పోయి ఉంటే.

ఆ జనవరిలో ఒక సీరియల్ మంచి పట్టులో ఉంది. ఆవిడ రాత్రిపూట స్టేషన్లో పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంది. అతను వస్తానన్నాడు. రైలు సిగ్నల్ పడింది. సశేషం. తర్వాతి వారం పత్రిక చుట్టు తిరిగి మా ఇంటికొచ్చేసరికి ఆ కాగితాలు లేవు. ఆ వెనక వైపు ముగ్గు వేశారట. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. ఎదురింటి పిన్నిగారు భోగి ముందు రోజు దాన్ని చింపుకుని, పొద్దున్నే వాకిట్లో చూసి వేసి, తడిసిపోతే అక్కడే పారేశారు. ఆ పైవారం కథలో ఆవిడ వేరే ఊళ్లో అద్దె ఇంట్లో ఉంది. చంకలో పిల్లాడు. అతని పేరు ఎవరూ ఎత్తరు.

నాకు పిచ్చెక్కినంత పనయింది. ఆ వారం ఏమైందని ముందు అమ్మనడిగాను. మా ఇంటి వంతు ముందే కాబట్టి అమ్మ చదివే ఉంటుంది. "ఏముందే, ఆ వారమంతా వానే. ఏం జరగలేదు" అంది. పిన్నిగారినడిగితే, "ఎందుకు జరగలేదూ? అబ్బాయి వచ్చాడు. ఈ పిల్లే రైలెక్కాక మళ్లీ దిగిపోయింది" అన్నారు. టీచరుగారైతే కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "అతను రాలేదమ్మా, వాళ్ల నాన్నొచ్చాడు" అన్నారు. చదివిన ముగ్గురికీ మూడు కథలు గుర్తున్నాయి. అప్పటికి నెల కూడా కాలేదు. నేను లాంగ్‌సైజు నోటుబుక్కులో నాలుగోది రాశాను. దాన్లో ఆవిడ రైలు ఎక్కనే ఎక్కదు, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే ముసలాయన ఇంటికి వెళుతుంది. పదమూడేళ్ల పిల్ల రాతలెండి. ఆ నవల పేరేంటో ఇవాళ్టికీ తెలీదు. ఎవరైనా నవల మొదలు చెబుతుంటే "స్టేషన్ ఉందా అందులో?" అని నేనడగడం మా వాళ్లకి జోకైపోయింది.

అదీ సంగతి. రచయిత అన్నీ సర్ది, గడియపెట్టి, తాళం చేతికిస్తే నాకు ఊపిరాడదు. ఒక కాగితం చిరిగిపోయి ఉండాలి. సున్నా చుట్టిన పదకొండింటిలో చాలావాటికి నా ఫిర్యాదు ఇదే. వాటిలో ఎవరూ ఏ ముగ్గు కోసమూ ఏమీ చింపలేదు.

ఈ ఏడు మొదట చదివింది, అంటే మళ్లీ చదివింది, ‘కాలాతీత వ్యక్తులు’. డాక్టర్ పి. శ్రీదేవి నవల. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా మొదలైంది. 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకి ఆధారం అదే. నాకు మాత్రం అది గుంటూరు-విజయవాడ పాసింజరు. గవర్నరుపేటలో ఉద్యోగం, నెలకో సీజన్ టికెట్, ఆడవాళ్ల పెట్టె. నంబూరు దాటేలోపు చిక్కుడుకాయలు వలిచేవాళ్లు వలిచేసేవాళ్లు, మంగళగిరిలో జామకాయలెక్కేవి, కృష్ణా కెనాల్ దగ్గర బండి సిగ్నల్ కోసం ఎంతసేపు ఆగుతుందో దాన్నిబట్టి ఆ రోజు ఎన్ని పేజీలో తేలేది. 1983లో ఆ పెట్టెలోనే ఇందిరని కలిశాను. ఎదురుసీటు ఆవిడ నా భుజం మీదుగా తొంగిచూసి, "ఏందమ్మాయ్, ఈ ఇందిర మంచిదా చెడ్డదా? ముందు అది చెప్పు" అంది. అప్పటికి సగం నవలైంది. చెప్పలేకపోయాను. ఈసారి ఆరోసారి చదివాను, ఇప్పుడూ చెప్పలేను.

ఇల్లంతా తన జీతం మీద నడుస్తున్న పిల్ల. బతుకు మీద ఆశ చావని పిల్ల. ప్రకాశం పిరికితనం చూసి నవ్వి పక్కకి తప్పుకుని, చివరికి కృష్ణమూర్తిని ఎంచుకుంటుంది. ఎందుకు ఎంచుకుందో శ్రీదేవి వివరించదు. ఇంకెవరైనా అయితే అక్కడ మూడు పేజీల మనోవిశ్లేషణ పెట్టి ఉండేవాళ్లు. నేనైతే ఐదు పెట్టేదాన్ని. ఆవిడ డాక్టరు, రాసింది ఈ ఒక్క నవల, 1961లో పోయారు. ముప్పై దాటి ఎంతో కాలేదు. ఈసారి చదువుతుంటే ఆవిడ వయసు నా వయసులో సగమని తట్టి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను.

రెండోది ‘వనవాసి’. ఫోన్లో ఛార్జింగ్ మింగిన పుస్తకం ఇదే. విభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘ఆరణ్యక్’కి సూరంపూడి సీతారామ్ చేసిన తెలుగు. మా నాన్న దగ్గర ఒక ప్రతి ఉండేది, ఎవరో చదివిస్తామని పట్టుకెళ్లి తేలేదు. పట్టుకెళ్లినవాళ్లు మన చుట్టాలే కాబట్టి ఇక్కడ రాయను. ఈ జనవరిలో ఇందిరాగాంధీ స్టేడియంలో పెట్టిన పుస్తక మహోత్సవంలో మళ్లీ కొన్నాను. 1989లో మొదలైనప్పటి నుంచి ఆ పండగ నాకు స్వరాజ్య మైదానమే. పి.డబ్ల్యూ.డి. గ్రౌండ్స్ అనేవాళ్లం. దుమ్ము, మిరపకాయ బజ్జీ వాసన, ప్రతి స్టాలు ముందూ పుస్తకం తెరిచి నిలబడి నవల సాంతం చదివేసే కుర్రాళ్లు. ఇప్పుడక్కడ అంబేడ్కర్ 125 అడుగుల విగ్రహం ఉంది. పుస్తకాలు చేతపట్టిన మనుషులు ఇన్నేళ్లు నడిచిన నేల ఆయనకిచ్చినందుకు నాకు బాధలేదు. స్టేడియంలోనే దారి తెలియక ఒకే స్టాలుకి మూడుసార్లు వెళ్లాను.

‘వనవాసి’ కథ చెప్పమంటే ఏముంది, కలకత్తాలో ఉద్యోగం లేని సత్యచరణ్ భాగల్పూరు వైపు అడవి ఎస్టేటుకి మేనేజరుగా వెళతాడు. అడవిని ముక్కలు చేసి కౌలుకివ్వడం ఆయన ఉద్యోగం. ఏ అడవి మీద మనసు పడ్డాడో దాన్ని తన చేత్తోనే, రసీదులు రాసి మరీ, నరికిస్తాడు. ఆ లోపల యుగళప్రసాద్ అని ఒకడుంటాడు. ఎక్కడెక్కడి పూలమొక్కలో తెచ్చి అడవిలో నాటుతుంటాడు. ఆ నేల వాడిది కాదు, ఆ పూలు అమ్ముడయ్యేవి కావు. ఎవరూ మెచ్చుకోరు కూడా. ఇంకో చోట రాజ్యం లేని రాజు, దొబ్రు పన్నా, పశువులు కాచుకుంటూ ఉంటాడు. ఎకరాల లెక్క తెలిసిన రచయిత రాసిన పుస్తకమిది. ఆయన నిజంగానే ఆ ప్రాంతంలో ఎస్టేటు ఉద్యోగం చేశాడు. 1939లో పుస్తకంగా వచ్చింది.

దీన్ని నేను ఉండవల్లి మీదుగా తుళ్లూరు వైపు పోయే బస్సులో చదివాను. మా ఆడపడుచు వాళ్లది ఆ పక్కనే. రాజధాని కోసం 29 ఊళ్ల రైతులు భూమిచ్చిన నేల అది. అరటితోటలుండే చోట ఇప్పుడు క్రేన్లు. భూమిచ్చినవాళ్ల కౌలు లెక్కలు, ప్లాట్ల లెక్కలు బస్సులో నా వెనకసీట్లో నడుస్తున్నాయి, ఒళ్లో సత్యచరణ్ రసీదులు రాస్తున్నాడు. అది మంచో చెడో తేల్చడానికి నేనెవర్ని, నేనూ ఒక ప్లాటు కొనాలని మావారితో పోట్లాడినదాన్నే. కానీ ఆ పుస్తకం చివర సత్యచరణ్ వెళ్లిపోయాక వాళ్లంతా ఏమయ్యారో మనకి తెలీదు. ఆయనకీ తెలీదు. అక్కడ కాగితం లేదు.

‘కొండపొలం’ గురించి పొట్టిగా చెబుతాను, ఎందుకంటే నాకు గొర్రెల గురించి ఏమీ తెలీదు, అదే సంగతి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల, 2019లో తానా బహుమతి వచ్చింది, తర్వాత సినిమా కూడా అయింది. కరువుకి మేత లేక కడప జిల్లా గొర్రెలకాపర్లు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు వాళ్లతో పోతాడు. దానిలో సగం మాటలు మా గుంటూరు చెవికి కొత్త. అర్థాల పట్టిక కోసం వెనక పేజీలు తిప్పలేదు, తిప్పాలని అనిపించలేదు. యాభయ్యో పేజీకి మంద వాసన కొట్టింది.

ఆ మాటకొస్తే ఇంగ్లీషులో చదివినదాన్లోనూ నన్ను పట్టుకున్నది ఇలాంటిదే. బాను ముష్తాక్ కన్నడ కథలు, దీపా భాస్తి అనువాదం, ‘హార్ట్ ల్యాంప్’. మే నెలలో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. కన్నడానికి అది మొదటిసారి, కథల సంపుటికీ మొదటిసారే. దీపా భాస్తి కన్నడ మాటనీ ఉర్దూ మాటనీ ఏటవాలు అక్షరాల్లో పెట్టలేదు, కిందన వివరణా ఇవ్వలేదు. చదివేవాడే కాస్త కష్టపడాలి. నా రెండో నవలకి ఒక ప్రచురణకర్త, పేరెందుకులే, "అమ్మా, ‘ఎగదోయడం’ అంటే హైదరాబాదు వాళ్లకి తెలీదు, బ్రాకెట్లో అర్థం వేద్దాం" అన్నారు. వేయించాను కూడా. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి వాక్యం మధ్యలో ఆ బ్రాకెట్ ఇప్పటికీ పంటి కింద రాయిలా తగులుతుంది.

ఆ సంపుటికి పేరిచ్చిన కథలో మెహరున్ పుట్టింటికొస్తే అన్నదమ్ములు వెనక్కి తీసుకెళ్లి దిగబెడతారు. ఆ రాత్రి ఆవిడ కిరసనాయిలు పోసుకుంటుంది. పెద్దకూతురు సల్మా చంటిపిల్లని తెచ్చి తల్లి కాళ్ల దగ్గర పెట్టి పట్టుకుంటుంది. తల్లి ఆగుతుంది. మర్నాడు పొద్దున ఏమవుతుంది? అదే మొగుడు, అదే ఇల్లు. బాను ముష్తాక్ లాయరు కూడా. మర్నాడు పొద్దున ఏమవుతుందో ఆవిడకి మనకంటే బాగా తెలుసు. రాయలేదు. నేను ఆ కథ అయ్యాక వంటింట్లోకెళ్లి స్టవ్ కట్టేసి ఉందో లేదో చూసొచ్చాను.

ఐదోది చిన్న పుస్తకం, ‘జమీల్యా’. కిర్గిజ్ రచయిత చింగిజ్ ఐత్మాతోవ్ 1958లో రాసింది. ఆ రోజుల్లో రష్యా పుస్తకాలు మాస్కోలోనే తెలుగులో అచ్చయి విశాలాంధ్ర వాళ్ల ద్వారా వచ్చేవి. దళసరి కాగితం, గట్టి అట్ట, ధర చూస్తే సోవియట్ యూనియన్ మన మీద దయతలిచినట్టుండేది. మా నాన్న జీతం రోజు ఒకటి తెచ్చేవారు. పుస్తకం తెరవగానే ఒక వాసన. అది జిగురు వాసనో ఇంకు వాసనో గానీ మా చెల్లి "రష్యా వాసన" అనేది. 1991 తర్వాత ఆ వాసన ఆగిపోయింది.

దానియార్ అని యుద్ధం నుంచి కుంటుకుంటూ వచ్చిన మనిషి, ధాన్యం బళ్లు తోలుతూ రాత్రిపూట పాడతాడు. ఆ పాట విని జమీల్యా మారిపోతుంది, చూస్తున్న మరిది పిల్లాడు మారిపోతాడు, మొగుడు యుద్ధంలో ఉండగానే ఆవిడ దానియార్‌తో వెళ్లిపోతుంది. ఇంతా చేసి ఆ పాటలో ఒకటి రెండు ముక్కలు తప్ప మాటలు ఏమిటో మనకి చెప్పడు. పదహారేళ్లప్పుడు నాకు కోపం వచ్చింది. ఈసారి అక్కడికొచ్చేసరికి ఎవరో నిజంగానే పాడుతున్నారని చెవులు రిక్కించాను. వీధిలో కూరలబండి మైకు.

మధ్యలో నా సొంత గొడవ ఒకటి. 1994లో ఒక వారపత్రికలో నా సీరియల్ వస్తుండగా, పండగ ప్రత్యేక సంచికకి పేజీలు కావాలని, ఐదు వారాల కథని రెండు వారాల్లో ముగించమని ఉత్తరం రాశారు. ఏడ్చుకుంటూ ముగించాను. పెళ్లి, కోర్టు, అత్తగారి పశ్చాత్తాపం, అన్నీ ఎగిరిపోయాయి. ఆ నవలకి వచ్చినన్ని ఉత్తరాలు ఇంక దేనికీ రాలేదు. "ముగింపు మా ఊహకి వదిలినందుకు ధన్యవాదాలు" అని రేపల్లె నుంచి ఒకాయన. నేను వదల్లేదు మహానుభావా, పీక్కున్నారు.

ఇక ఆరోది. అడిగింది ఐదే అయినా చెప్పక తప్పదు.

డిసెంబరు రెండో వారంలో పెళ్లి బట్టలకని బీసెంట్ రోడ్డుకెళ్లి, వచ్చేటప్పుడు అలవాటుగా లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల ముందు ఆగాను. ఇంజనీరింగు గైడ్ల దొంతర కింద ఇంటి బైండింగు వీపు ఒకటి కనిపించింది. ఆకుపచ్చ పూల చీర ముక్క. చేతిలోకి తీసుకున్నాను. వారపత్రిక సీరియలే, 1977. స్టేషన్ నవల కాదు, ముందే చెబుతున్నా. మొదటి వారం పేజీ ఉంది, రచయిత్రి పేరూ ఉంది, కానీ చెప్పుకోదగ్గ నవల కాదు కాబట్టి వదిలేద్దాం. "మధ్యలో కొన్ని పేజీల్లేవండి" అని షాపతనే చెప్పాడు. అరవై రూపాయలిచ్చాను.

ఇంటికొచ్చి చూస్తే పేజీలు లేకపోవడం కాదు. ఒక వారం ఉండాల్సిన చోట రూళ్లకాగితం కత్తిరించి, అదే కొలతకి, అదే పురికొసతో కలిపి కుట్టారు. దాని మీద గుండ్రటి ఆడవాళ్ల రాతలో రెండు ముక్కలు.

"నవంబరు 25 సంచిక రాలేదు. ఉప్పెన."

దివిసీమ ఉప్పెన నవంబరు 19న, శనివారం. అప్పుడు నాకు పదహారేళ్లు. గుంటూరులో ఆ రాత్రి గాలికి మా పెంకులు లేచిపోయాయి. తర్వాత వారమంతా కాలేజీ పిల్లలం డబ్బాలు పట్టుకుని బియ్యం, పాతబట్టలు పోగుచేశాం. ప్రభుత్వ లెక్కే పదివేల ప్రాణాల దాకా చెప్పింది. ఏ ఊరి పుస్తకమో అట్ట లోపల వెతికాను, నాగాయలంకో, కోడూరో, అవనిగడ్డో. ఊరు లేదు, పేరు లేదు. డిసెంబరు సంచికల నుంచి మళ్లీ ఒక్క వారం కూడా తప్పలేదు. కాగితాల అంచుల్లో చెమ్మ పట్టిన గీత మాత్రం పుస్తకం మొదటి సగానికే ఉంది.

రూళ్లకాగితం తిప్పి అవతలి పేజీ చదివాను. హైదరాబాదు, సికింద్రాబాదు క్లబ్బు పక్కన బంగళా. హీరోయిన్ కాఫీలో పంచదార ఎక్కువైందని వంటమనిషి మీద విసుక్కుంటోంది.